మా ఆయన తొమ్మిదో నంబరు

మా ఆయన కాలిగోళ్ళు నల్లబడ్డాయని నేను మొదటిసారి చూసింది గుళ్ళో. చెప్పులు బయట విడిచి, కాళ్ళు కడుక్కుని, ప్రసాదం వరసలో నిలబడ్డాం. ఆయన నా పక్కనే ఉన్నారు. తల వంచుకుని ఉన్నాను కనక చూపు అటు పోయింది. రెండు బొటనవేళ్ళ గోళ్ళూ నేరేడుపండు రంగుకి తిరిగి ఉన్నాయి.

ఏమైందని మెల్లగా అడిగాను. ఏమీ కాలేదన్నారు, ఆ కాలిని ఈ కాలి వెనక దాచుకుంటూ. మా అమ్మాయి అలా వదిలేసే రకం కాదు. ఈ దేశంలోనే పుట్టి ఇక్కడే పెరిగింది, ఇప్పుడు సెకండరీ స్కూల్లో చదువుతోంది. వంగి మరీ చూసి, "నాన్నా, యువర్ టోనెయిల్ డై ఆల్రెడీ లా" అంది. గోరు చచ్చిపోయిందని ఇక్కడి ఇంగ్లీషులో దాని భావం. మా ముందున్న పెద్దాయన కూడా వెనక్కి తిరిగి ఆయన కాళ్ళ వంక చూశాడు.

ఇంటికొచ్చాక ఆయనే చెప్పారు, పరుగు మొదలుపెట్టిన వాళ్ళందరికీ ఇది మామూలేనని. వాళ్ళ పరుగుల గ్రూపులో ఒకాయనకి మూడు గోళ్ళు పోయాయట. ఆ మాట చెప్తున్నప్పుడు ఆయన మొహంలో చిన్న గర్వం కూడా కనిపించింది.

ఆయన జురాంగ్ వైపు ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. పగలంతా కంప్యూటర్ తెరల ముందు కూర్చునే పని. ఆఫీసు వాళ్ళు చేయించే ఆరోగ్య పరీక్షలో డాక్టరు కాస్త ఒళ్ళు కదిలించమని చెప్పాడు. చెప్పింది నడవమని. ఈయన నడక మొదలుపెట్టి, నెల తిరక్కుండానే పరుగులోకి దిగారు. మేముండేది యూ టీ అనే పేటలో. బ్లాక్ దాటి నాలుగడుగులు వేస్తే కాలువ, దాని పక్కనే నున్నటి బాట. తెల్లారకముందే లేచి ఆ బాట మీద పరిగెత్తి వచ్చి, స్నానం చేసి, ఈల వేసుకుంటూ టిఫిను తినేవారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఈల వేయడం నేను అంతకుముందు వినలేదు. అందుకే పరుగు మానేయమని అనడానికి నాకూ మనసు రాలేదు.

కానీ ఆ షూస్ మీద మాత్రం నాకు అనుమానం. ఆన్‌లైన్లో ఏదో ఆఫర్ ఉందని తెప్పించుకున్నవి. నంబరు తొమ్మిది. ఆయన ఇంటర్ చదువుతున్నప్పుడు నెల్లూరులో ఒక చెప్పుల కొట్టువాడు ఈయన కాలు చూసి "తొమ్మిది" అన్నాడట. అప్పట్నుంచీ తొమ్మిదే. పెళ్ళినాటి చెప్పులు తొమ్మిది, ఇంటర్వ్యూకి వేసుకున్న బూట్లు తొమ్మిది, ఇక్కడికి వచ్చాక కొన్నవన్నీ తొమ్మిది. ఒక వయసుకి మనిషి ఎత్తు ఆగిపోయినట్టే పాదం కూడా ఆగిపోతుందని ఆయన నమ్మకం.

నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. చుట్టుపక్కల తెలుగు వాళ్ళూ తమిళ వాళ్ళూ వస్తుంటారు. పెళ్ళినాటి బ్లౌజు తెచ్చి, సరిగ్గా ఇదే కొలతకి కుట్టమని అడిగే వాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళతో వాదించను. పాత బ్లౌజు పక్కన పెట్టి, మాట్లాడుతూనే టేపు చుట్టేస్తాను. మా ఆయన మాత్రం పాదం నా చేతికివ్వలేదు. షూ బిగుతుగా ఉంటేనే పరుగులో పట్టు ఉంటుందని చెప్పి, లేసు ఇంకాస్త లాగి కట్టుకుని వెళ్ళిపోయేవారు.

ఒక ఆదివారం పొద్దున బెల్లు మోగితే తలుపు తీశాను. షూస్ చేతిలో పట్టుకుని, సాక్సులు వాటిలో కుక్కి, వట్టి కాళ్ళతో నిలబడి ఉన్నారు. కాలువ వెంట చాలా దూరం వెళ్ళాక వేళ్ళు మంటలెత్తాయట. ఇక అడుగు పడక షూస్ విప్పేసి, ఆ దూరమంతా వట్టి కాళ్ళతో నడిచొచ్చారు. లిఫ్టులో చైనీస్ ఆంటీ ఒకావిడ షూ పాడైపోయిందా అని జాలిగా అడిగితే, అవునని చెప్పారట. బకెట్లో చల్లటి నీళ్ళు తెచ్చి పెట్టాను. ఆయన అందులో కాళ్ళు ముంచి, కాసేపు కళ్ళు మూసుకుని కూర్చుని, "షూస్ మార్చాలి" అన్నారు.

ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు మా అమ్మాయి రంగంలోకి దిగింది. ఫోన్లో ఏవేవో చదివి మాకు పాఠం చెప్పింది. పొద్దున కంటే సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి, కాబట్టి సాయంత్రమే వెళ్ళాలి. పరుగుకి వేసుకునే సాక్సులు వెంట తీసుకెళ్ళాలి. ఒక్క కాలికి తొడిగి చూసి సరిపెట్టుకోకూడదు. ఆయన అన్నిటికీ తలూపారు. నంబరు మాటెత్తగానే కిటికీలోంచి బయటికి చూశారు.

గ్రూపులో ఎవరో చెప్తే టోవా పాయోలో ఒక షాపుకి వెళ్ళాం. మా యూ టీ నుంచి ఒకటే ట్రెయిను, మారక్కర్లేదు. చిన్న షాపు. గోడల నిండా షూస్, మధ్యలో ఒక బల్ల. అమ్మే ఆవిడ ఇంచుమించు నా వయసుది. ఆవిడ నోరు తెరవకముందే మా ఆయన ఇంగ్లీషులో "తొమ్మిది" అన్నారు. ఆవిడ మారు మాట్లాడకుండా తొమ్మిదే తెచ్చింది.

ఆయన తొడుక్కుని, లేచి నాలుగడుగులు వేసి, బ్రహ్మాండంగా ఉందన్నారు. నిజం చెప్పండని నేను తెలుగులో అన్నాను. షాపులో పరువు తీయొద్దని ఆయనా తెలుగులోనే గొణిగారు. అప్పుడు ఆవిడ ఇంకో షూకి లేసు ఎక్కిస్తూ తల ఎత్తకుండానే, "నాకు తెలుగు వచ్చు లెండి. మీరు మెల్లిగా మాట్లాడుకోండి" అంది.

మేమిద్దరం ఒక్కసారి కంగారుపడ్డాం. మా అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆవిడ పుట్టింది మలేషియాలో. తాత ముత్తాతలు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి తోటల్లో పనికి వెళ్ళారట. ఆవిడ పెళ్ళికి ముందే ఉద్యోగానికని ఇటు వచ్చేసింది. ఆవిడ తెలుగులో మా నాయనమ్మ కాలంనాటి మాటలుండేవి. వాటి మధ్యలో ఉన్నట్టుండి ఒక తమిళ మాటో, మలయ్ మాటో వచ్చి కూర్చునేది.

ఆవిడ ఆయన పక్షమూ తీసుకోలేదు, నా పక్షమూ తీసుకోలేదు. తొమ్మిది ఇవ్వమంటే ఇస్తాను, కొలవమంటే కొలుస్తాను అంది. కొలవక్కర్లేదన్నారు ఈయన. ఇక నేనే వంగి, ఆయన విప్పిన షూ తీసుకుని, లోపల పరిచిన మెత్తటి అట్టని బయటికి లాగాను. దాన్ని నేల మీద పెట్టి, దీని మీద నిలబడమన్నాను. బ్లౌజుని మనిషి మీద వేసి చూసేముందు గుడ్డ మీద చేత్తో కొలిచి చూస్తాం కదా, అలాంటిదే అనుకున్నాను.

ఆయన నిలబడ్డారు. బొటనవేలు అట్ట చివర దాటి ముందుకొచ్చింది. చిటికెన వేలికైతే అట్ట మీద చోటే లేదు, పూర్తిగా నేల మీదే ఉంది. మా అమ్మాయి వెంటనే ఫోటో తీసింది. ఆయన వంగి ఆ అట్ట అంచుని వేలితో తడిమి చూశారు.

"ఈ కంపెనీ వాళ్ళు చిన్నగా చేస్తున్నట్టున్నారు" అన్నారు చివరికి.

"అది కూడా నిజమే. ఒక్కో కంపెనీ నంబరు ఒక్కోలా వస్తుంది. నంబరు చూడకండి, వేలు చూడండి" అంది ఆవిడ.

ఆ మాటతో ఆయన కాస్త తేలికపడ్డారు. కొలత పలక మీద నిలబడటానికి ఒప్పుకున్నారు. కూర్చున్నప్పటి పాదం వేరట, ఒళ్ళు బరువంతా మోపి నిలబడ్డప్పటి పాదం వేరట. నిలబెట్టి కొలిస్తే పది వచ్చింది. ఎడమ పాదం కుడి దానికంటే కాస్త పొడుగు కూడా. ఇద్దరిలో పెద్దదాన్ని చూసే కొనాలి అంది ఆవిడ, పాదాలు ఇద్దరు మనుషులన్నట్టు.

ఆ తర్వాత గంటసేపు తొడగడం, విప్పడం. బొటనవేలి ముందు ఒక వేలు వెడల్పు ఖాళీ ఉందో లేదో ఆవిడ నొక్కి చూసేది. వెళ్ళి బయట పరిగెత్తి రమ్మనేది. షాపు ముందు పొడుగాటి వరండా ఉంది. మొదటిసారి మా ఆయన సిగ్గుపడుతూ నడకలాంటి పరుగు తీశారు. రెండోసారికి సిగ్గు పోయింది. బబుల్ టీ కోసం నిలబడ్డ పిల్లల వరసని దాటుకుని, తోపుడు బండి లాక్కెళ్తున్న ఒక తాతని తప్పించుకుని, చివరిదాకా వెళ్ళి వచ్చేవారు. ఒక జత వేసుకుంటే మడమ పైకి లేచిపోతోందన్నారు. ఆవిడ పైన మిగిలిపోయిన ఆఖరి రంధ్రంలోకి కూడా లేసు ఎక్కించి కట్టి చూపించింది. ఇన్నేళ్ళుగా ఆ రంధ్రం అలంకారం కోసం అనుకున్నానని ఆయన ఒప్పుకున్నారు.

చివరికి రెండు జతలు మిగిలాయి. రెండూ పదే. ఒకటి ముదురు నీలం. రెండోది అదే రకం, కానీ ముందు భాగం వెడల్పుగా ఉండేది. ఆ వెడల్పుది ఒక్క రంగులోనే ఉంది. చిలకాకుపచ్చ, అదీ కళ్ళు చెదిరేంత. అది వేసుకుని కాలువ పక్కన పరిగెడితే మైనాలు వెంటపడతాయని చెప్పి ఆయన నీలం జత పట్టుకున్నారు. ఆవిడ బలవంతం చేయలేదు. డబ్బా పారేయకండి, ముందు కొన్నాళ్ళు ఇంట్లోనే వేసుకుని చూడండి, అడుగు మాయకపోతే మార్చి ఇస్తాను అని మాత్రం చెప్పింది.

మరునాడు సాయంత్రం ఆయన లుంగీ మీద నీలం షూస్ వేసుకుని, హాల్లో ఫ్యాను కింద నిలబడి పరుగు మొదలుపెట్టారు. అక్కణ్ణుంచి వంటింటి దాకా, వంటింట్లోంచి పడకగది దాకా. నేను కుట్టు మిషను దగ్గర ఉన్నాను. ఆయన పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా దారం ఉండ దొర్లిపోతోంది. కాసేపటికి బెల్లు మోగింది. మా కింది ఫ్లాటులో ఉండే మలయ్ ఆవిడ. సామాన్లు సర్దుకుంటున్నారా, మనుషులెవరైనా సాయం కావాలా అని అడిగింది. అడగడంలో కోపం లేదు, కానీ ఎందుకడిగిందో తెలుస్తూనే ఉంది. ఆయన లుంగీ సర్దుకుంటూ కొత్త షూస్ సంగతి చెప్పి క్షమించమన్నారు. ఆవిడ ఆయన కాళ్ళ వంక చూసి, రంగు బాగుందని మెచ్చుకుని దిగిపోయింది.

తలుపు వేసి వచ్చి ఆయన సోఫాలో కూలబడ్డారు. రంగు బాగుందన్న సంతోషం మొహంలో నిలవలేదు. షూ విప్పి, పాదం చేతిలోకి తీసుకుని, "చిటికెన వేలు ఒప్పుకోవట్లేదు" అన్నారు.

బ్లౌజు పొడుగు పెంచినంత మాత్రాన చంక దగ్గర బిగుతు పోదని చెప్పాను. కుట్టులో ఇన్నేళ్ళుగా నేను చూస్తున్నదే. పొడుగు వేరు, వెడల్పు వేరు. చేతులు దించుకుని నిలబడితే సరిపోయిన బ్లౌజు, పై అరలో డబ్బా అందుకోబోతే పటుక్కుమంటుంది. ఆయన శ్రద్ధగా విన్నారు. నా కుట్టుపని గురించి ఆయన అంత శ్రద్ధగా వినడం నాకూ బాగుంది.

వారం మధ్యలో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి ఆయన నేరుగా టోవా పాయో వచ్చేశారు. అమ్మాయికి ట్యూషను ఉంది కనక నేనొక్కదాన్నే ఇంటి నుంచి డబ్బా పట్టుకెళ్ళాను. షాపు ఆవిడ మమ్మల్ని చూడగానే, "రండి రండి, మకాన్ అయిందా?" అంది. తిన్నారా అని అడగడం అది. మేం చెప్పకముందే లోపలికి వెళ్ళి చిలకాకుపచ్చ జత తెచ్చి పెట్టింది.

ఆయన తొడుక్కుని వరండాలోకి వెళ్ళారు. ఈసారి తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. చివరిదాకా వెళ్ళి, వచ్చి, షాపు దాటి ఇటు చివరికి కూడా వెళ్ళి వచ్చారు. గుమ్మంలో నిలబడి కాళ్ళ వంక చూసుకుంటూ, "ఏమీ తెలియట్లేదు" అన్నారు. ఎక్కడా నొప్పి లేదు, ఒత్తిడి లేదు, కాలికి ఏదైనా ఉందన్న ధ్యాసే లేదట. మైనాల సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఆవిడ బిల్లు మారుస్తూ నా కాళ్ళు చూసింది. మా అమ్మాయి స్కూలు షూస్ వేసుకున్నాను, తెల్లవి. దానికి కాళ్ళు పెరిగి వదిలేసినవి. చక్కగా ఉన్నాయి కదా, ఎందుకు పారేయాలని మార్కెట్టుకీ బయటికీ అవే వేసుకుని తిరుగుతున్నాను. ఆ చూపుని మా ఆయన కనిపెట్టారు.

"ఈమెవి కూడా కొలవండి" అన్నారు.

నేను పరిగెత్తను కదా, నాకెందుకన్నాను. పరిగెత్తకపోయినా నడుస్తావు కదా అన్నారు. ఆవిడ అప్పటికే పలక తెచ్చేసింది. సాక్సు తీస్తుంటే నాకు సిగ్గేసింది. మెట్టెలున్న వేలి చుట్టూ చర్మం గట్టిపడి కాయ కాచి ఉంది. అది మెట్టెల వల్లనే అనుకునేదాన్ని, ఇన్నాళ్ళూ. ఆవిడ నా మెట్టెలు చూసి నవ్వి, వాళ్ళ అవ్వకి ఇలాంటివే ఉండేవంది. తను పెట్టుకోలేదట. వేలు ముందుకి పోయి షూకి తగులుతుంటే మెట్టె పాపం ఏం చేస్తుంది అంది. కొలిస్తే అమ్మాయి షూస్ నాకు పొట్టి, పైగా ఇరుకు.

ముందు వెడల్పుగా ఉన్న జత ఒకటి తెచ్చింది. నడిస్తే హాయిగా ఉంది. కాస్త వేగంగా అడుగు వేసి చూడమంది. వేసేసరికి మెట్టె పక్కవేలిని నొక్కింది. అవి నేను పెళ్ళయ్యాక ఎప్పుడూ తీయలేదు. అమ్మాయి పుట్టినప్పుడు ఆసుపత్రిలో కూడా వాటి మీద ప్లాస్టరు వేయించుకున్నానే గానీ తీయలేదు. నేను ఆలోచిస్తూ కూర్చుంటే మా ఆయన నేల మీద కూర్చుని నా షూ లేసు విప్పడం మొదలుపెట్టారు. నేను కాలు వెనక్కి లాక్కున్నాను. నలుగురూ చూస్తున్నారు, లేవండి అన్నాను.

"నా గోళ్ళు గుళ్ళో అందరి ముందూ చూశావుగా. ఇప్పుడు నా వంతు" అన్నారు.

షాపు ఆవిడ అటు తిరిగి అరలో డబ్బాలు సర్దుకోవడం మొదలుపెట్టింది. నవ్వుతోందని భుజాలు చూస్తే తెలుస్తోంది. నేను మెట్టెలు మెల్లిగా తిప్పుకుంటూ తీశాను. తీయమనీ ఆయన అనలేదు, వద్దనీ అనలేదు. చెయ్యి చాపారు. వాటిని చొక్కా జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకుని, నా షూ లేసు కట్టారు. ఆఖరి రంధ్రం కూడా వదలకుండా కట్టారు.

వరండాలోకి వెళ్ళాను. స్కూల్లో ఖోఖో ఆడిన తర్వాత నేను పరిగెత్తింది బస్సుల కోసమే. చీర కాదు, చుడీదారు కాబట్టి ధైర్యం చేశాను. మొదట నాలుగడుగులు ఎవరైనా చూస్తారేమోనన్న భయం. ఆ తర్వాత అడుగుల చప్పుడే వినిపించింది. చివర మూసి ఉన్న షట్టరు దాకా వెళ్ళి, దాన్ని చేత్తో ఒకసారి తట్టి, వెనక్కి తిరిగాను. ఎందుకో నవ్వొస్తోంది. ఆపుకోలేకపోయాను. మా ఆయన గుమ్మంలో నిలబడి, జేబు మీద చెయ్యి వేసుకుని నన్నే చూస్తున్నారు.

అలా ఆయనకి తోడు వెళ్ళినదాన్ని నేను కూడా పరుగులోకి దిగాను. పొద్దున మెట్టెలు తీసి దేవుడి గూట్లో వెండి గిన్నెలో పెట్టి, తిరిగొచ్చి స్నానం చేశాక పెట్టుకుంటాను. మా అత్తగారికి ఫోన్లో ఈ సంగతి భయపడుతూనే చెప్పాను. ఆవిడ షూస్ ఏ రంగువని అడిగారు. ఫోటో పంపమన్నారు. ఇద్దరివీ పంపితే, మా అబ్బాయివి మరీ ఆకుపచ్చగా ఉన్నాయేమిటని మళ్ళీ ఫోన్ చేశారు.

మేమిద్దరం ఒకేసారి బయల్దేరతాం గానీ కలిసి పరిగెత్తం. ఆయన ముందు వెళ్ళిపోతారు. మొదట్లో ప్రతి వంతెన దగ్గరా ఆగి నా కోసం చూసేవారు. అలా ఆగితే నాకు తొందర పుడుతోంది, మీ దారిన మీరు పోండని చెప్పాను. నాది నిదానం. కానీ ఆగను. ఆయన అలిసిపోయి నడుస్తూ తిరిగొస్తుంటే, నేను ఇంకా నా నిదానంతో ఎదురవుతాను. అప్పుడు ఆయన చెయ్యెత్తుతారు, నేను అరచేత్తో ఒక దెబ్బ వేసి ముందుకి పోతాను.

ఒక ఆదివారం కాలువ ఆ చివర మేం ఎదురుపడ్డప్పుడే వాన పట్టుకుంది. రోడ్డు వంతెన కిందికి పరిగెత్తాం. అక్కడ అప్పటికే సైకిళ్ళ వాళ్ళు, కుక్కని తిప్పే ఒక ముసలాయన, అందరూ గుంపుగా నిలబడి ఉన్నారు. కాలువ నీళ్ళు చూస్తుండగానే ఎరుపెక్కి పొంగాయి. ఆయన షూస్ బురదలో ఆకుపచ్చ పోయి మట్టిరంగుకి వచ్చాయి. వాన తగ్గే దాకా మాట్లాడుకున్నాం, ఇంటి పనుల గురించి కాదు, ఊరికే.

మా అమ్మాయి పరిగెత్తదు. ఎన్నిసార్లు పిలిచినా, చెమట పట్టే పనులు తనకి పడవంటుంది. ఆదివారాలు దానికి ఒక్కటే పని. తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటరుకి ముందే వెళ్ళి, టిష్యూ ప్యాకెట్టు పెట్టి టేబుల్ చోప్ చేసి, అంటే మా కోసం పట్టి ఉంచాలి. ఆ రోజు మేం తడిసి ముద్దయి వెళ్ళేసరికి జనం కిటకిటలాడుతున్నారు. అది టేబుల్ ఆక్రమించి, ఆ టిష్యూ ప్యాకెట్టునే దిండులా పెట్టుకుని నిద్రపోతోంది. దాన్ని లేపకుండా చెరో పక్కా కూర్చున్నాం. ఆయన మెల్లిగా లేచి దోసెలూ టీలూ తేవడానికి వెళ్ళారు.